చెమ్మ మీద రంగు వేయనివ్వకు

అన్నయ్యా,

ఇంటాయన ఇవాళ పెయింటర్‌ని తీసుకొస్తానన్నాడు. ఎవరినీ లోపలికి రానివ్వకు. మన తాళంచెవి ఆయన దగ్గర కూడా ఒకటుంది. నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకునే ముందు లోపలి గడియ పెట్టుకో.

పై వాటా బాత్‌రూమ్ పైపు కారి అమ్మ గది గోడ నానిపోయింది. ముందు ఆ పైపు బాగుచేయించాలి. అది ఆయన పని, మనది కాదు. చెమ్మ మీదే రంగు పూస్తే బూజు కనబడదు గానీ అమ్మ దగ్గు తగ్గదు. రేపు మళ్లీ అడిగితే, "మొన్నే చేయించాను కదమ్మా, ఇంకేంటి?" అంటాడు.

పోయినసారి నువ్వు ఆయనకు కుర్చీ వేసి మరీ, "పర్లేదండీ, సర్దుకుంటాం" అన్నావు. సర్దుకుంటున్నది నువ్వూ నేనూ కాదు. నీ మొహమాటం నాకు తెలుసు కాబట్టే రాస్తున్నాను. తలుపు తీయకుండానే, "పైపు అయ్యాక రండి" అను, చాలు. ఖాళీ చేయమంటే సాయంత్రం నేనొచ్చి మాట్లాడతాను.

నీ భోజనం మూతపెట్టి ఉంచాను.

అమ్మ మంచం వంటగదిలోకి జరిపాను. పగలు నీ నిద్ర చెడుతుందని, దగ్గు వచ్చినప్పుడల్లా నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుంటోంది. నీకు తెలియదనుకుంటాను.