సప్పోరో కాకి

అక్కా,

నీకు చెప్పకుండా జపాన్‌లోని సప్పోరోకి వచ్చాను.

బావ పదోరోజున మనముండే రోటోటూనా ఊళ్లో పెట్టిన పిండాన్ని ఏ పిట్టా ముట్టలేదు. అక్కడ కాకులు లేవని సర్దిచెప్పుకున్నాం. ఇక్కడ మంచులో గుంపులుగా ఉన్నాయి.

బావ ఈ ఊరొచ్చి తినాలనుకున్న మిసో రామెన్ కొన్నాను. వెన్న, మొక్కజొన్న వేసిందే. పార్కులో కాగితం మీద నాలుగు నూడుల్స్ పెట్టి దణ్ణం పెట్టాను. కాకి వచ్చి కూర్చుంది గానీ తినలేదు.

నిన్ను చూసుకుంటానన్నాను, కదల్లేదు. మీ పాప నిహారికను చదివిస్తానన్నాను, కదల్లేదు. చివరికి, "యాక్సిడెంట్ రోజు కారు నడిపింది నేనేనని అక్కకు చెప్తాను బావా" అన్నాను.

చటుక్కున ఎత్తుకుపోయింది.

పోలీసులకూ నీకూ అబద్ధం చెప్పాను. బావ పక్కసీట్లో నిద్రపోతున్నాడక్కా.

నీ తమ్ముడినని రాయడానికి చెయ్యి రావట్లేదు.