సగం మిల్లీమీటరు

మార్చి 3, ఆదివారం

రెండు చోట్లా సీటొచ్చింది! ఫిలాసఫీలో పీహెచ్‌డీ. నాకు. నలభై రెండేళ్ల వయసులో, పద్దెనిమిదేళ్లుగా డెంటల్ ల్యాబ్‌లో కట్టుడు పళ్లు చేసుకుంటున్న మనిషికి.

ఒకటి పెద్ద యూనివర్సిటీ. ఏడంతస్తుల లైబ్రరీ, పేరుమోసిన ప్రొఫెసర్. రెండోది చిన్నది. డిపార్ట్‌మెంటంతా కలిపి రెండు గదులు, గైడ్‌గా ఒక మేడమ్. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. వదులుకున్న సీటు మళ్లీ రాదు.

తేల్చడానికేముంది? పెద్దదే.

మార్చి 5

అన్నయ్యకు చెప్పడమే ఆలస్యం, పెద్ద యూనివర్సిటీ పేరు వీధంతా చాటింపు వేసేశాడు. ఇస్త్రీ చేసే ఆయన ఇవాళ నన్ను ప్రొఫెసర్‌గారూ అని పిలిచాడు.

దేని మీద రాస్తావని వదిన అడిగింది. మనిషి మారిపోయాక, పాత మనిషి ఇచ్చిన మాటకు కొత్త మనిషి కట్టుబడాలా అన్న దాని మీద, అన్నాను. మీ అన్నయ్యను చూసి రాస్తున్నావా అంది. రోజూ సాయంత్రం షికారుకు తీసుకెళ్తానని పెళ్లికి ముందు చెప్పాడట.

మార్చి 8

పెద్ద ప్రొఫెసర్‌గారితో వీడియో కాల్. తొమ్మిది నిమిషాలు. నా ప్రపోజల్ ఆసాంతం చదివారట. ప్రతి వాక్యం తూచి రాసినట్టుందన్నారు. నాలుగో భాగమైతే మరీ బాగుందట. ఒక్క ముక్క కూడా మార్చక్కర్లేదట.

నా కాళ్లు నేల మీద లేవు. పదిహేనేళ్లుగా నోట్‌బుక్కులు నింపుతున్నాను. ఇంట్లోవాళ్లకిస్తే రెండు పేజీలు తిప్పి, బాగుందంటారు. ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా చదివితే చాలనిపించేది. ఇవాళ ఆ ముచ్చటా తీరింది.

మార్చి 9

ప్రతి వాక్యం తూచి రాసినట్టుంది. అంట్లు తోముతూ పదిసార్లు అనుకున్నాను.

మార్చి 12

టకటక మాస్టారు మళ్లీ వచ్చారు. రిటైరైన లెక్కల మాస్టారు. మేం చేసిచ్చిన పైపళ్లు మాట్లాడుతుంటే టకటకమంటున్నాయని జనవరి నుంచి ఇది మూడోసారి రావడం. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయని డాక్టరుగారు చేతులెత్తేశారు.

నేను ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, పేపరిచ్చి పైకి చదవమన్నాను. ఎడిటోరియల్ మొత్తం చదివించాను. నా పద్ధతి ఇదే. కొలతలకు దొరకనిది వింటూ కూర్చుంటే దొరుకుతుంది. మూడో పేరాలో దొరికింది. ఇంకో సగం మిల్లీమీటరు తగ్గించాను. మళ్లీ చదివారు. టకటక లేదు.

తన గొంతు తనకు తిరిగొచ్చిందని మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. మా ల్యాబ్‌లో పొడి ఎక్కువ.

మార్చి 15, మధ్యాహ్నం 1:20

చిన్న యూనివర్సిటీ మేడమ్ ఫోన్ చేశారు. మర్యాద కోసం ఎత్తాను. ఆరో పేజీలో ఒక చిక్కుందమ్మా అన్నారు. రెండు రోజులుగా ఆలోచిస్తున్నా అంతుబట్టడం లేదట. వాదం చక్కగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి, పైపళ్లు, మాట్లాడుతుంటే టకటకమంటున్నాయి, సగం మిల్లీమీటరు తగ్గించాలి, అని ఉందట. ఇది ఇచ్చిన మాటకు ఉపమానమా, తనకే అందడం లేదా, కొంచెం విడమరిచి చెప్పమన్నారు.

తల కొట్టేసినట్టయింది. మళ్లీ చేస్తానని పెట్టేశాను.

4:00

ఫైలు తీసి చూశాను. ప్రపోజల్ ల్యాబ్ కంప్యూటర్‌లోనే టైప్ చేశాను, లంచ్ టైంలో, ఎవరి పళ్లకు ఏం చేయాలో రాసే జాబ్ కార్డుల మధ్య. తొమ్మిదో పేజీలో ఒక పేరా కట్ చేశాను, ఆరో పేజీలో పెడదామని. ఈలోపు మాస్టారి జనవరి కార్డు కాపీ చేయాల్సొచ్చింది. తర్వాత ఆరో పేజీలో పేస్ట్ చేసింది దాన్ని. అసలు పేరా గల్లంతు. ఇక్కడ ఒక మెట్టు ఊడినట్టుందని మేడమ్ ఫోన్‌లో అదీ పట్టుకున్నారు.

ఆరో పేజీ అంటే నాలుగో భాగం. పెద్ద ప్రొఫెసర్‌గారు మరీ బాగుందన్న భాగం.

రెండు చోట్లకూ వెళ్లింది ఒకటే ఫైలు.

మార్చి 17

అన్నయ్యకు అంతా చెప్పాను. పెద్దవాళ్లకు వంద పనులుంటాయే, అన్నీ చదువుతూ కూర్చుంటారా అన్నాడు. రేపు నీకు ఉద్యోగం ఇచ్చేవాడు చూసేది యూనివర్సిటీ పేరు, నీ ఆరో పేజీ కాదు అన్నాడు.

కోపమొచ్చింది. అతను చెప్పింది నిజం కాబట్టి వచ్చింది.

మార్చి 21

సెలవు పెట్టి చిన్న యూనివర్సిటీకి వెళ్లాను. రెండు గదుల్లో ఒకదానికి తాళం. ఊగకుండా బల్ల కాలి కింద మడత పెట్టిన అట్ట. బల్ల మీద నా ప్రపోజల్, ప్రతి పేజీలోనూ పెన్సిల్ గీతలు.

మాస్టారి సంగతి చెబితే మేడమ్ దగ్గొచ్చేదాకా నవ్వారు. తర్వాత, ఇప్పుడాయన పళ్లెలా ఉన్నాయని అడిగారు. బాగున్నాయన్నాక రెండో పేజీ తీశారు. ఒక్క పేజీ, మూడు గంటలు. నాకింకా నమ్మకం కుదరలేదమ్మా, ఇంకోలా చెప్పు అంటారు. నాలుగు రకాలుగా చెప్పాను. నాలుగోసారికి నాకే నమ్మకం పోయింది. ఐదోసారి చెప్పింది మాత్రం నేను ముందెప్పుడూ అనుకోనిది.

బస్సు తప్పిపోయింది. గంట నిలబడ్డాను. హాయిగా ఉంది.

మార్చి 24

ఇవాళ అంట్ల దగ్గర పెద్ద ప్రొఫెసర్‌గారి మాట గుర్తు రాలేదు.

మార్చి 26

పెద్ద యూనివర్సిటీకి రానని రాసేశాను. ఆ సీటు ఇక ఇంకొకరిది. ఏడంతస్తులూ వాళ్లవే.

అన్నయ్య ముఖం మాడ్చుకున్నాడు. వీధిలో ఏమని చెప్పుకోవాలి అన్నాడు. వెళ్తూ వెళ్తూ, ఆ మేడమ్ మూడు గంటలు చదివిందేమిటో ఇలా పడెయ్యి అని ఒక కాపీ పట్టుకుపోయాడు. అదీ రెండు పేజీల ముచ్చటే.

మార్చి 29

అన్నయ్య ఫోన్. పళ్లెక్కడే, ఇందులో లేవేం అని కేకలు. దిద్దిన కాపీ ఇచ్చానని చెప్పడం మరిచాను.

ఫోన్ పెట్టాక వెలిగింది. ఆరో పేజీదాకా వచ్చాడు.

ఆగస్టు 5

జాబ్ కార్డు. థీసిస్ మొదటి అధ్యాయం, రెండో వాక్యం. పైకి చదువుతుంటే టకటకమంటోంది. సగం మిల్లీమీటరు తగ్గించాలి.