సున్నం శిలువ ఎత్తేదాకా ఆగమని

అయ్యా, హౌసింగ్ ఆఫీసర్ గారూ,

విషయం: రేపు మధ్యాహ్నంలోగా మా హాలు ఖాళీ చేయమన్నారు, ఎల్లుండి పొద్దున దాకా టైమివ్వమని.

సార్, నేను ఎలీసెయో తెపోష్‌ని. నిన్న సాయంత్రం మీరొచ్చినప్పుడు తలుపు తీసి, మా అమ్మమ్మ మాటలు మీకు ఇంగ్లీషులో చెప్పింది నేనే. నోటీసు కింద ఈ నెంబరుంది. ఫోన్లో నాకు మాట్లాడ్డం రాదు సార్, అందుకే మెసేజ్. బడి మధ్యలో మానేశా, తప్పులుంటే ఏమనుకోకండి. నెంబర్లేసి రాయమంది అమ్మ.

1. ఈ ఇంట్లో పద్నాలుగు మంది కాపురముంటున్నారని రాశారు. ఉండేది అయిదుగురం. అమ్మమ్మ, అమ్మ, ఇద్దరు చెల్లెళ్ళు, నేను. మిగతావాళ్ళు మా తాతయ్య అబుందియో కోసం వచ్చినోళ్ళు. ఆయన పోయిన వారం చనిపోయారు. మా దేశపోళ్ళలో మనిషి పోతే తొమ్మిది సాయంత్రాలు ఇంట్లో అందరూ కూడి జపమాల చెప్తారు. రేపు తొమ్మిదోది.

2. "వీళ్ళంతా ఇక్కడే ఉంటారా?" అని మీరడిగారు. అమ్మమ్మ, "అవును నాయనా, ఇది వీళ్ళందరి ఇల్లే, నువ్వూ కూర్చో" అంది. మొదటి ముక్క మీకు చెప్పా. కూర్చోమన్నది చెప్పలేదు, అప్పటికే మీరు లెక్కపెడుతున్నారు. మా వాళ్ళు గుమ్మంలోకొచ్చిన ప్రతి ఒక్కరితో అలానే అంటారు సార్. మర్యాద అది. గ్యాస్ మీటరు చూడ్డానికొచ్చినాయనతో కూడా అంది. ఆయన రాసుకోలేదు.

3. నేల మీద తెల్లపొడి ఉంది, తుడవాలి అని రాశారు. అది సున్నం. తాతయ్యని పడుకోబెట్టిన చోట దాంతో శిలువ వేశాం. తొమ్మిదో సాయంత్రం జపం అయ్యాక దాన్ని పోగుచేసి ఎత్తాల్సింది మాలో పెద్దాయన, దోన్ హసింతో. అమ్మమ్మ ఆయన్నే ఒప్పించుకుంది. ఆయనకి మాంసం ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు, ఆరింటికి గానీ రాడు. ఆ సున్నం సమాధి దగ్గరికి పోవాలి. మధ్యాహ్నమే చీపురు పెడితే తాతయ్య ఈ హాల్లోనే ఉండిపోతాడంటోంది అమ్మమ్మ. "అన్నేళ్ళు ఆ ఫ్యాక్టరీ చలి గదిలో నిలబడి మాంసం కోశాడు, ఇప్పుడన్నా వెళ్ళనివ్వరా" అంటోంది. పొద్దున్నించి ఏమీ తినలేదు. మీ బూటు తగిలి శిలువ ఒక పక్క చెదిరింది సార్. మీరు చూసుకోలేదు.

4. ఆ పద్నాలుగులో ఒకరు పక్కింటి డార్లీన్ గారు. చేతికర్రతో కిటికీ దగ్గర కూర్చుందే, ఆమె. ఒకప్పుడు ఈ వీధంతా వాళ్ళ తెల్లోళ్ళేనంట. ఇప్పుడు ఆమె ఒక్కతే, మిగతా అంతా మా దేశపోళ్ళే. కార్లు ఎక్కువయ్యాయని మొదటిరోజు మీకు ఫోన్ చేసింది కూడా ఆమే. మర్నాడు ఏం జరుగుతోందని అడగడానికొచ్చి, కాఫీ తాగి, అప్పట్నించి రోజూ వస్తోంది. నోటీసు చూపిస్తే, "నన్ను కూడా కలిపేశాడా? ఈ మోకాళ్ళతో మీ హాల్లో నేల మీద పడుకుంటానా నేను?" అంది. అమ్మకి చెప్తే నవ్వింది. తాతయ్య పోయాక నవ్వడం అదే మొదటిసారి.

5. మీరెళ్ళాక కొంతమంది రేపు రామన్నారు. మీ యూనిఫాం చూసి పోలీసనుకుని భయపడ్డారు. ఎందుకో మీకు తెలుసు, నేను రాయను. మీరు వద్దంటే మిగతావాళ్ళూ రారు.

ఎల్లుండి పొద్దున రండి సార్. హాలు ఖాళీగా ఉంటుంది, నేనే కడుగుతా. అప్పుడు లెక్కపెట్టుకోండి, అయిదుగురమే ఉంటాం. ఈ ఒక్క సాయంత్రం మాకు వదిలేయమని అర్జీ. చిత్తగించండి సార్.

మీ జవాబు కోసం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్న తమ విధేయుడు,
ఎలీసెయో

తా.క. అమ్మమ్మ పక్కనే ఉంది. ఏం రాశావో చదవమంది, చదివా. "రేపు సాయంత్రం ఆయన్నీ రమ్మను. ఇది ఆయన ఇల్లు కూడా అని చెప్పు" అంది. ఈసారి మొత్తం చెప్తున్నా సార్. దయచేసి పదిహేను అని రాయకండి.