దిష్టి నిమ్మకాయ, దొంగగాలి

తార్నాక,
జూన్ 1994

మామగారికి నమస్కారాలు. మేమిద్దరం కులాసా. కారు కూడా నిన్నటి నుంచి కులాసా.

పోయిన నెల మీరు స్వయంగా కారుకు దిష్టి నిమ్మకాయ కట్టి వెళ్లారు. బయట కడితే క్యాంపస్ హాస్టల్ వాళ్లు షర్బత్ కోసం పీక్కుపోతారని, ముందుచూపుతో బానెట్ లోపల తీగతో బిగించి కట్టారు. మర్నాటి నుంచే బండికి వణుకు పట్టుకుంది. సిగ్నల్ దగ్గర నిలబడితే చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయేది. దిష్టి బలంగా ఉందని, ఇంకొకటి కట్టమని మీరు రాశారు. కట్టాను. వణుకు రెట్టింపైంది. ఇక్కడి మెకానిక్ కార్బురేటర్ కడిగి, ప్లగ్గులు మార్చి, చివరికి చేతులెత్తేశాడు.

నిన్న క్యాంపస్‌లో బండి ఊగుతుండగానే మీ అమ్మాయి దిగి బానెట్ ఎత్తింది. "గీడ ఏందో బుస్సుమంటున్నది" అంటూ నిమ్మకాయల దగ్గర రబ్బరు గొట్టం మీద రెండు వేళ్లు పెట్టింది. వణుకు ఠక్కున ఆగిపోయింది! కట్టిన తీగ గొట్టాన్ని కోసేసింది. నిమ్మకాయకొకటి చొప్పున గొట్టానికి రెండు చిల్లులు. వాటిలోంచి లెక్కలో లేని దొంగగాలి ఇంజన్‌లోకి పోతోంది.

గొట్టం మార్పించాను. తీగ ఎవరు బిగించారని మెకానిక్ అడిగినా మీ పేరు చెప్పలేదు.

ఆదివారం బూడిద గుమ్మడికాయతో వస్తున్నట్టు రాశారు. చాలా సంతోషం. కానీ "బాపు దాన్ని పగలగొడ్తడా, కడ్తడా? ముందుగాల కనుక్కో" అని మీ అమ్మాయి నా ప్రాణం తీస్తోంది. దయచేసి వెంటనే ఒక కార్డు ముక్క రాయండి.

మీ అల్లుడు