మిగిలిన జొన్నలు

ఉరవకొండ
1965 ఆగస్టు

తమ్ముడు రహంతుల్లాకు అక్క మస్తానాబీ దువా. ఇక్కడ వాన లేదు. అయినా ఎలాగో గడుస్తోంది, నువ్వు ఆనకట్ట పని మానుకుని రావద్దు.

శుక్రవారం నా నమాజు అయ్యాక మన వీధి ఆడవాళ్లం నలుగురం శెట్టిగారి సుమిత్రమ్మ అరుగు మీద కూర్చుని వారం ఖర్చు చెప్పుకుంటాం. ఎవరికి తక్కువైతే వాళ్లకు మిగతావాళ్లు సర్దుతారు. మొన్న మన ఇంట్లో జొన్నలు మిగిలాయి, ఎవరికైనా కావాలా అని అడిగాను. సుమిత్రమ్మ నన్ను ఆపింది.

"మిగిల్నాయని మురుస్తాండావు గానీ మస్తానక్కా, నీ మరదలి మొగం చూసినావా? కడుపుతో ఉండే పిల్ల, ఎట్ల పీక్కపోయిండాదో."

పక్కనే ఉన్న నీ భార్య హబీబా, "ఆయన ఆడ ఒంటిపూట తింటాండాడని పనికాడ్నుంచి వచ్చినోళ్లు చెప్పినారు వదినా. ఈడ నాకు ముద్ద యాడ దిగుతాది?" అంది. రాత్రి సంగటికని నేను కొలిచి ఇచ్చే గింజల్లో తన వంతు తిరిగి కుండలో పోసేస్తోందట. నేను గమనించలేదు.

ఇప్పుడు సుమిత్రమ్మ రోజూ వచ్చి ఎదురుగా కూర్చుని తినిపిస్తోంది. అయినా రెండు ముద్దలకే చాలంటోంది.

నీకు దగ్గు తగ్గిందా? కంబళి పంపనా? ఈ నెల డబ్బు తగ్గించి పంపు, మేము సర్దుకుంటాం. ముందు నువ్వు రెండు పూటలా తిను. తిన్నాకే, తింటున్నానని హబీబాకు వేరే కార్డు రాయి. చదివి వినిపించాల్సింది నేను, అబద్ధమైతే నా నోట రాదు.

అల్లా మీ ఇద్దరినీ, రాబోయే బిడ్డనూ కాపాడాలి.