కత్తికి ఎరుపు అంటలేదు బాపూ

బాపూ,

నీ కత్తి తోమి గూట్లో పెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. రేపటికి నువ్వు పోయి ఏడాది.

ఈ వానల్లో మెట్‌పల్లి సర్కారు బంగ్లా ముందు నువ్వు కుండీల్లో పెంచిన పామ్ మొక్కల ఆకుల మీద మచ్చలు లేచాయి.

"వాన తెరిపిచ్చినంక కొట్టిన ఎండదెబ్బ గది బిడ్డా. జర ఆకుల మీద నీళ్లు కొట్టు," అన్నాడు చౌకీదారు మల్లన్న.

"కాదు కాకా. ఎండకైతే ఆకు కొసలు మాడుతయి. గివి ఆకు నడుమల ఉన్నయి, చుట్టూ పసుపు అంచు ఉన్నది. బూజు తెగులు గిది. తడిపితే ఇంకింత పాకుతది," అన్నాను.

మచ్చల ఆకులు కోసి కాల్చాను. కుండీలు ఎడంగా జరిపి, నీళ్లు మొదట్లోనే పోశాను. బూజు మందుకని మట్టికుండలో మైలుతుత్తం నీళ్లూ సున్నపు నీళ్లూ కలిపి, నువ్వు చేసినట్టే అందులో కత్తి ముంచాను. రాగి ఎరుపు అంటింది. అంటే సున్నం తక్కువైంది, అట్లాగే చల్లితే ఆకు మాడుతుంది. సున్నపు నీళ్లు మరికొంచెం పోసి, కత్తి తోమి మళ్లీ ముంచాను. ఈసారి ఎరుపు అంటలేదు. అప్పుడే ఆకులకు చల్లాను.

కొత్త ఆకులు ఒక్క మచ్చ లేకుండా విప్పుకున్నాయి.

నువ్వు పోయాక నీ పని నేనే చేస్తున్నా, అందరికీ నేను మాలి బిడ్డనే. నిన్న బంగ్లాకు వచ్చిన పెద్దసారు మొక్కల దగ్గర చాలాసేపు నిలబడి, "మాలిని పిలువుండ్రి," అన్నాడు.

అలవాటుగా నీ కోసం వెనక్కి తిరిగి చూశాను. మల్లన్న కాకా నన్నే చూపిస్తున్నాడు.