తాలంటే పొట్టు కాదు

21-2-1985, గురువారం

ఈ రోజు కోర్టులో తప్పు చేసింది మేజిస్ట్రేటునైన నేనే. అయినా మనసు హాయిగా ఉంది.

మిరప కోత కూలీ మరియమ్మ మీద దొంగతనం కేసు. ఆమె ఇంట్లో దొరికిన మిరపకాయల సంచి తనదేనని రైతు ఫిర్యాదు. "కూలి కింద ఆయనే తాలిచ్చాడండి" అని చెప్పింది. మా గోదావరి వైపు తాలంటే గింజ లేని వడ్లు. ఇంగ్లీషులో అదే రాసుకుని, ఆనవాయితీ ప్రకారం తెలుగులో చదివి వినిపించాను: "కూలి కింద పొట్టు ఇచ్చాడు."

"పొట్టని నేనెక్కడన్నానయ్యా? తాలంటే రంగుపోయిన కాయ" అంది మరియమ్మ. గుమాస్తా నవ్వు ఆపుకున్నాడు.

సాక్ష్యంగా కోర్టులో ఉంచిన సంచి విప్పించాను. అన్నీ తెల్లబడ్డ కాయలే. ఘాటుకు కోర్టంతా తుమ్మింది, నాతో సహా. దొంగతనానికి వచ్చిన మనిషి ఎర్రకాయలు వదిలేసి తాలు ఏరుకుపోతుందా? అడిగితే రైతు తలదించుకున్నాడు. కేసు కొట్టేశాను.

ఆమె నోరు విప్పకపోతే, ఇచ్చింది పొట్టయితే సంచిలో కాయలెక్కడివి, కట్టుకథ చెబుతోందని జైలుకు పంపేవాణ్ణి. పన్నెండేళ్ళ సర్వీసులో ఎందరి మాటలు ఇంగ్లీషులోకి మార్చానో. చదివి వినిపిస్తే అందరూ తలూపి వేలిముద్ర వేసినవాళ్ళే. నేను సరిగ్గా రాశాననేనా, లేక...

తీర్పుకు ముందు ఆ ఇంగ్లీషు మాట కొట్టేసి, 'తాలు' అనే రాసి మళ్ళీ చదివాను. మరియమ్మ చెవి ఒగ్గి వింది.

"ఇప్పుడు నా మాటే ఉందండి" అని వేలిముద్ర వేసింది.